డేటా సెంటర్ల నిర్మాణం: నిపుణ కార్మికుల కొరత, మనవారి స్థానం

(నవీ ముంబైలో తెలుగు కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఠాణే నుంచి వాశీ వైపు వెళ్ళే లోకల్ రైలులో ఐరోలి దాటిన తరువాత కొండల వైపు చూసినవారికి కిటికీలు లేని ఎత్తయిన కట్టడాలు కనిపిస్తాయి. పైకప్పు మీద పెద్ద పెద్ద శీతలీకరణ యంత్రాలు, పక్కన వరుసగా డీజిల్ జనరేటర్లు, ప్రహరీ లోపలే విద్యుత్ ఉపకేంద్రం. ఒకప్పుడు రసాయన కర్మాగారాలు, ఇంజనీరింగ్ కర్మాగారాలు నడిచిన ఠాణే–బేలాపూర్ పారిశ్రామిక ప్రాంతంలో, ఐరోలి, రబాలే, మహాపేల చుట్టుపక్కల, ఇటువంటివి ఒకదాని తరువాత ఒకటి లేస్తున్నాయి. ఇవే డేటా సెంటర్లు. తెలుగులో 'దత్తాంశ కేంద్రం' అనే మాట ఉన్నది గాని, పనిచోట దానిని ఎవరూ అనరు. నేనూ అనను.

వీటిని గురించి మనవారిలో రెండు రకాల మాటలు వింటున్నాను. "అవి కంప్యూటర్లవారి భవనాలు, మనకేం పని?" అన్నది ఒకటి. "అక్కడ వేల ఉద్యోగాలున్నాయట, మా అబ్బాయిని చేర్పించండి" అన్నది రెండవది. రెండూ సరైనవి కావు. డేటా సెంటరును నడపడానికి కావలసినవారు కొద్దిమంది. కట్టడానికి కావలసినవారు చాలామంది. ఆ కట్టేవారిలో కూడా కొరత ఉన్నది ఇసుక, ఇటుక మోసేవారికి కాదు. పని తెలిసి, తనకు తెలుసునని రుజువు చూపగలిగినవారికి. ఈ సంగతిని కొంత వివరంగా చెప్పడానికే ఈ పూట మీ ముందు నిలబడ్డాను.

అసలు ఇవి ఇక్కడే ఎందుకు వస్తున్నాయో క్లుప్తంగా చెబుతాను. కూరగాయల బండి దగ్గర ఫోను చూపి పది రూపాయలు చెల్లిస్తే ఆ లెక్క ఎక్కడో ఒక యంత్రంలో నమోదు కావాలి. చెల్లింపుల సమాచారాన్ని దేశం లోపలే భద్రపరచాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2022లో కేంద్ర ప్రభుత్వం డేటా సెంటర్లకు మౌలిక వసతుల హోదా ఇవ్వడంతో వీటి నిర్మాణానికి దీర్ఘకాలిక రుణాలు దొరకడం సులువయింది. సముద్ర గర్భంలో వేసిన అంతర్జాతీయ కేబుళ్ళు మన దేశంలో ఎక్కువగా ఒడ్డుకు చేరేది ముంబై, చెన్నై తీరాలలోనే. పైగా కృత్రిమ మేధ వచ్చి యంత్రాల ఆకలిని పెంచింది. కారణాలు ఇంతవరకు చాలు.

ఇక భవనం లోపలికి వెళదాం. మామూలు భవనాన్ని చదరపు అడుగులతో కొలుస్తారు. డేటా సెంటరును మెగావాట్లతో కొలుస్తారు. ఈ ఒక్క తేడాలోనే మనకు కావలసిన విషయమంతా ఉన్నది. నివాస భవనంలో గోడలు లేచిన తరువాత వచ్చే పని తీగల పని. ఇక్కడ అసలు పని అదే, గోడలు దానికి పట్టిన గొడుగు మాత్రమే. పెద్ద గ్రిడ్ నుంచి అధిక వోల్టేజీలో వచ్చిన విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మర్లలో దిగి, హెచ్‌టీ ప్యానెళ్ళు, ఎల్‌టీ ప్యానెళ్ళు, యూపీఎస్‌లు, బ్యాటరీ గదులు, బస్‌బార్ల గుండా ప్రయాణించి చివరకు సర్వర్లు ఉన్న బీరువాలకు చేరుతుంది. ఈ దారి ఒకటి ఉంటే సరిపోదు. ఒకటి తెగినా రెండవది నిలబడాలని చాలాచోట్ల 'ఏ' దారి, 'బీ' దారి అని వేరు వేరుగా రెండు వేస్తారు. గ్రిడ్ మొత్తం పోయినా జనరేటర్లు అందుకోవాలి. అందుకే ఇంతే వైశాల్యం గల కార్యాలయ భవనానికి పట్టే ఎలక్ట్రీషియన్ల కంటే ఇక్కడ ఎన్నో రెట్లు ఎక్కువమంది కావాలి.

ఆ ఎలక్ట్రీషియన్ చేసేది మన ఇంటికి వచ్చి ఫ్యాను బిగించే పని వంటిది కాదు. మణికట్టంత లావు కేబుళ్ళను ట్రేల మీద వంపు చెడకుండా లాగాలి. ఒక్కొక్క కేబుల్ చివర గ్లాండు బిగించి, సరైన కొలత లగ్గును క్రింపింగ్ చేసి, బోల్టును టార్క్ రెంచితో నిర్ణయించిన బిగువు వరకే తిప్పి, దాని మీద రంగు గీత పెట్టాలి. బోల్టు తరువాత కదిలితే ఆ గీత విరిగి కనిపిస్తుంది. బిగువు తక్కువైతే కీలు వేడెక్కుతుంది, ఎక్కువైతే మర దెబ్బతింటుంది. హెచ్‌టీ కేబుల్ జాయింటు చేసేవారి పని మరీ సున్నితం. ఇన్సులేషన్ మీద కత్తి గాటు ఒక్కటి పడినా, చెమట తడి ఒక్క చుక్క లోపల మిగిలినా, అది ఆ రోజు తెలియకపోవచ్చు, కొన్ని నెలల తరువాత పేలవచ్చు. ఇటువంటి జాయింటర్లు ఏ నగరంలోనైనా కొద్దిమందే ఉంటారు. అమెరికాలో డేటా సెంటర్లు గుంపుగా ఉన్న వర్జీనియా రాష్ట్రంలో సైతం గుత్తేదారులు ఎలక్ట్రీషియన్లు దొరకక ఇబ్బంది పడుతున్నారంటే, ఈ కొరత మన ఊరికి మాత్రమే పరిమితమైనది కాదని తెలుస్తుంది.

విద్యుత్తు ఎంత లోపలికి వస్తే అంత వేడి బయటికి పోవాలి. కాబట్టి రెండవ పెద్ద పని చల్లదనానిది. చిల్లర్ల నుంచి చల్లటి నీరు తీసుకుని వెళ్ళే ఇనుప గొట్టాలను వెల్డింగ్ చేయాలి. ఇక్కడ గ్రిల్లు, గేటు అతికించే వెల్డరుకు ప్రవేశం దొరకదు. గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో కదలకుండా నిలిపి, చుట్టూ తిరుగుతూ అతికించమని పరీక్ష పెడతారు. దానినే 6జీ పరీక్ష అంటారు. అది నెగ్గినవారిని గొట్టం పని చేసే గుత్తేదారులు వెతుక్కుంటూ వస్తారు. డక్టింగ్, ఇన్సులేషన్, షట్టరింగ్, రాడ్ బెండింగ్ పనులకూ మనుషులు కావాలి. వెంట్రుక వంటి గాజు పోగులను కరిగించి అతికే ఫైబర్ స్ప్లైసింగ్‌కు బలం కన్నా ఓపిక, కంటి చూపు ముఖ్యం. ప్యానెల్ వైరింగు కూడా అటువంటిదే. మన ఇళ్ళలో పదో తరగతి దాటి ఖాళీగా కూర్చున్న ఆడపిల్లలను ఈ పనుల వైపు పంపడానికి ఎందుకు జంకుతున్నామో ఆలోచించాలి. నెత్తిన తట్ట మోయడానికి మనం ఎన్నడూ జంకలేదు.

పని అయిపోయిందని చెప్పినంత మాత్రాన ఇక్కడ చెల్లదు. కమిషనింగ్ అనే ఘట్టం ఒకటి ఉన్నది. తయారీ కర్మాగారంలో యంత్రాన్ని పరీక్షించడం మొదలు, చివరికి భవనం మొత్తాన్ని ఒక్కటిగా పరీక్షించడం వరకు దీనిని సాధారణంగా ఐదు మెట్లుగా చేస్తారు. ఐదవ మెట్టులో, సర్వర్లు ఇంకా రాకముందే, వాటి బదులు లోడ్ బ్యాంకులనే పెద్ద హీటర్ల వంటి యంత్రాలు పెట్టి, పూర్తి భారం మీద నిజంగానే సరఫరా ఆపివేస్తారు. బ్యాటరీలు తక్షణం అందుకున్నాయా, జనరేటర్లు లేచాయా, చల్లదనం తగ్గకుండా నిలిచిందా అని చూస్తారు. ఎక్కడైనా ఒక కీలు వేడెక్కితే థర్మల్ కెమెరాలో ఎర్రగా కనబడుతుంది. అప్పుడు రికార్డు తెరుస్తారు. ఆ కీలు ఏ తేదీన, ఎవరు బిగించారు, ఎంత బిగువు పెట్టారు, మెగ్గర్ పరీక్షలో ఎంత వచ్చింది, ఎవరు సంతకం పెట్టారు అన్నది అందులో ఉంటుంది. అంటే, ఈ భవనంలో ప్రతి కీలుకూ ఒక మనిషి పేరు ఉంటుంది. చేతి నేర్పు ఎంత ఉన్నా, ఆ పత్రం చదివి, అంకె రాసి, సంతకం చేయలేనివారికి ఆ కీలు అప్పగించరు. మనవారు వెనకబడుతున్నది సరిగ్గా ఇక్కడే.

మనం ఈ తీరానికి కొత్తవాళ్ళం కాము. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం ప్రాంతపు తెలుగువారు కట్టడాల పనికి బొంబాయి చేరారు. కామాఠీలని పేరుపడిన ఆ కూలీల నివాసమే కామాఠిపురా అయింది. తరువాత పద్మశాలీలు మగ్గాల వెంట మిల్లులకు, భివండీకి, షోలాపూరుకు వచ్చారు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు, రహదారులకు మట్టి తవ్వారు. నేటికీ నారాయణపేట, మహబూబ్‌నగర్ వైపు నుంచి ముంబైకి వచ్చే బస్సులలో ఎవరుంటారో మీకు నేను చెప్పనక్కరలేదు. రెండు వందల ఏళ్ళకు పైగా ఈ నగరాన్ని కట్టినవారిలో మనం ఉన్నాము. అయినా హాజరు పుస్తకంలో మన వారి పేరు ఎదుట ఇప్పటికీ ఎక్కువగా ఉండే మాట 'హెల్పర్'. పదిహేనేళ్ళుగా కేబుల్ లాగుతున్న మనిషి, పక్కన నిలబడి గ్లాండు బిగించడం చూసి చూసి తానే బిగించగలిగిన మనిషి, కాగితం మీద హెల్పరే. ఆయన బిగిస్తాడు, సంతకం వేరొకరు పెడతారు, నిపుణుడి కూలి ఆ వేరొకరికి వెళుతుంది.

ఇక్కడ అనువాదకుడిగా ఒక చిన్న మాట. మరాఠీ ఫారాలలో కార్మికులను కుశల్, అర్ధకుశల్, అకుశల్ అని మూడు తరగతులుగా రాస్తారు. తెలుగులో కుశలమంటే మనకు మొదట తట్టేది క్షేమం. 'కుశలమా?' అని ఉత్తరాలలో అడిగేవాళ్ళం. ఒక పెద్దాయన ఫారంలో 'అకుశల్' అన్న గడి చూసి, "నాకు ఒంట్లో బాగానే ఉంది గదా, ఇదెందుకు రాశారు?" అని నన్ను అడిగారు. ఆ గడిలో టిక్కు పడితే కనీస వేతనాల పట్టికలో అన్నిటికంటే కింది వరుసలో నిలబడతామని ఆయనకు చెప్పవలసి వచ్చింది. కాబట్టి ఫారంలో ఆ గడి ఎవరు నింపుతున్నారో, ఏమని నింపుతున్నారో చూసుకోండి.

కింది వరుస నుంచి పై వరుసకు వెళ్ళే దారులు ఉన్నాయి. పిల్లలకు ఐటీఐ మంచి దారి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, రిఫ్రిజిరేషన్–ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్లు రెండేళ్ళు, వెల్డర్, ప్లంబర్ ఒక ఏడాది. ఎనిమిదో తరగతి చదివినవారిని తీసుకునే ట్రేడ్లు కూడా ఉన్నాయి, వైర్‌మ్యాన్, వెల్డర్ అటువంటివి. ఆ తరువాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో పనిచోటే నేర్చుకునే అవకాశం ఉన్నది. డిగ్రీలో చేరి మధ్యలో మానేసిన పిల్లవాడిని చూసి చిన్నబుచ్చుకోని మనం, ఐటీఐకి పంపడం చిన్నతనమనుకుంటాము. ఎందుకో నాకు అర్థం కాదు.

ఇప్పటికే పనిలో ఉన్న పెద్దవారి మాట వేరు. రెండేళ్ళు కూలి మానుకుని చదవడం వారికి కుదరదు. వారి కోసం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పూర్వ నైపుణ్య గుర్తింపు అనే ఏర్పాటు ఉన్నది. దీనిని ఆర్‌పీఎల్ అంటారు. కొద్ది రోజుల పరిచయ శిక్షణ, పని చేసి చూపే పరీక్ష, నెగ్గితే ధ్రువపత్రం. అయితే ఇది తలుపు తట్టడానికి పనికివస్తుంది గాని, ఇది ఒక్కటే కూలి పెంచుతుందని నేను చెప్పను. విద్యుత్ పనిలో అంతకంటే బరువైన కాగితం రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మ్యాన్ పర్మిట్, ఆ పైన సూపర్‌వైజర్ సర్టిఫికెట్. విద్యుత్ స్థాపనల పనులు లైసెన్సు గల గుత్తేదారు చేత, అర్హతా పత్రం ఉన్న వ్యక్తి పర్యవేక్షణలో జరగాలన్నది నియమం. అందుచేత ఆ పత్రం ఉన్న మనిషి లేకుండా గుత్తేదారుకు గడవదు. బేరం చేయగలిగిన బలం అక్కడ పుడుతుంది.

ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటి తప్పక చెప్పాలి. ఉదయం పని మొదలుపెట్టే ముందు టూల్‌బాక్స్ టాక్ పేరిట జాగ్రత్తలు చెబుతారు. అది హిందీలో జరుగుతుంది. ప్యానెళ్ళ మీద తగిలించే చీటీలు ఇంగ్లీషులో ఉంటాయి. కొత్తగా ఊరి నుంచి వచ్చిన కుర్రవాడు వెనక వరుసలో నిలబడి తల ఊపి వెళ్ళిపోతాడు. కట్టడం జరుగుతున్న డేటా సెంటరులో ఒక అంతస్తులో కేబుల్ లాగుతుంటే ఇంకొక అంతస్తులో అప్పటికే కరెంటు వదిలి ఉంటుంది. నిన్న చేయి పెట్టిన ప్యానెల్ ఈ రోజు చావు కావచ్చు. అందుకే లాకౌట్–ట్యాగౌట్ అనే పద్ధతి పెట్టారు. సరఫరా ఆపి, స్విచ్చికి తాళం వేసి, వేసినవాడి పేరుతో చీటీ కట్టి, తాళంచెవి అతడే ఉంచుకుంటాడు. పని అయ్యాక తాళం వేసినవాడే తీయాలి. మేస్త్రీ తొందరపెట్టినా, ఇంజనీరు కేకలు వేసినా ఇంకొకరి తాళం తీయకూడదు. మన కరపత్రాలలో 'ఎనర్జైజ్డ్' అన్న మాటకు 'శక్తియుతం' అని రాయమని ఒకరు సూచించారు. నేను 'కరెంటు ఉన్నది' అనే రాశాను. ప్రాణం కాపాడవలసిన మాట నిఘంటువులో వెతుక్కునేది కాకూడదు. మీరు కూడా అర్థం కాని చీటీ కనిపిస్తే చేయి వెనక్కి తీసుకుని అడగండి. అడగడం నామోషీ కాదు.

ఇక డబ్బు సంగతి. భవనం సొంతదారు, ప్రధాన గుత్తేదారు, విద్యుత్–గొట్టాల పనుల గుత్తేదారు, అతని కింద ఉపగుత్తేదారు, అతని కింద మనుషులను సరఫరా చేసేవాడు, అతని కింద మన గుంపు మేస్త్రీ. నిచ్చెన పైన కోట్లలో మొదలైనది కింద దిగేసరికి వారాల తరబడి ఆగిన కూలిగా మిగిలే ప్రమాదం ఉన్నది. గుత్తేదారు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించవలసినదేనని చట్టం చెబుతున్నది. నిర్ణీత గంటలకు మించి పని చేయిస్తే రెట్టింపు రేటు ఇవ్వాలని కూడా చెబుతున్నది. అయితే ఆ చోట మీరు పని చేశారని రుజువు ఉండాలి. గేట్ పాసును ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. కూలి చేతికి కాకుండా బ్యాంకు ఖాతాకు వేయమనండి. పీఎఫ్ కోస్తే యూఏఎన్ నంబరు అడగండి. ఆ నంబరు మనిషికి ఒక్కటే, గుత్తేదారు మారినా మారదు. డేటా సెంటరులో శాశ్వత ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారిని నమ్మకండి. నిర్మాణం ఏడాది, రెండేళ్ళలో ముగుస్తుంది, తరువాత ఆ పనివారు ఇంకొక స్థలానికి వెళ్ళవలసినదే. భవనం నడపడానికి కొందరు టెక్నీషియన్లు, కాపలావారు, శుభ్రం చేసేవారు మిగులుతారు. ఆ టెక్నీషియన్ స్థానాలకు కూడా ఎక్కువగా అర్హత చూసేది ఐటీఐ, డిప్లొమా కాగితాలతోనే.

అలా స్థలం మారవలసి వచ్చినప్పుడు ఎటు వెళ్ళాలన్న ప్రశ్నకు ఇప్పుడు మనకొక కొత్త జవాబు ఉన్నది. హైదరాబాదులో డేటా సెంటర్లు ఇప్పటికే పెద్ద ఎత్తున లేచాయి. 2022లో అమెజాన్ తన రెండవ భారతీయ క్లౌడ్ ప్రాంతాన్ని అక్కడ ప్రారంభించింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం నిర్మిస్తామని ప్రకటించింది. ఐరోలిలో టార్క్ రెంచి పట్టడం నేర్చినవారికి విశాఖలో కొత్తగా నేర్చుకోవలసినది తక్కువ. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మన కుటుంబాలకు ఇంటికి దగ్గరగా, హెల్పరుగా కాక నిపుణుడిగా పని దొరికే అవకాశం ఇది. ఐటీఐ వారి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్టు దేశమంతటా చెల్లుతుంది. వైర్‌మ్యాన్ పర్మిట్ మాత్రం రాష్ట్ర బోర్డు ఇచ్చేది కనుక, రాష్ట్రం మారేవారు అక్కడి బోర్డులో విచారించుకోవాలి.

చివరిగా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి. ఈ కట్టడాల వ్యయంలో ఒక శాతం సెస్సుగా ఆ మండలికి చేరుతుంది. మీ పిల్లల చదువుకు, ప్రసూతికి, వైద్యానికి, పనిలో ప్రాణం పోతే కుటుంబానికి ఇచ్చే సహాయం ఆ నిధిలోనిదే. వయస్సు 18 నుంచి 60 లోపు ఉండి, గడచిన 12 నెలలలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు నమోదు కావచ్చు. ఏ రాష్ట్రం నుంచి వచ్చారన్నది అడ్డు కాదు. 90 రోజుల ధ్రువపత్రం గుత్తేదారు దగ్గర తీసుకోవాలి, స్థలం విడిచిపెట్టాక వెంటపడితే దొరకడం కష్టం కనుక పనిలో ఉండగానే అడగండి. చాలామంది ఈ–శ్రమ్ కార్డు చూపి తాము నమోదయ్యామంటున్నారు. అది వేరు, ఇది వేరు. రెండూ చేయించుకోవాలి.

నమోదు వేళ మనవారి కాగితాలు ఎక్కువగా ఆగిపోయేది పేరు దగ్గర. మనకు ఇంటిపేరు ముందు, అదీ ఒక అక్షరంగా. ఇక్కడి ఫారాలలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అని మూడు గడులు. ఆధార్‌లో ఒక వరుస, బ్యాంకులో ఇంకొక వరుస, గేట్ పాసులో మేస్త్రీ పిలిచే ముద్దుపేరు. మూడూ కలవక డబ్బు వెనక్కి పోయిన సందర్భాలు ఉన్నాయి. ఆధార్‌లో ఉన్న పేరునే, అక్షరం మారకుండా, మిగతా అన్నిటిలో రాయించండి. ఆధార్‌లోనే తప్పు ఉంటే ముందు దానిని సరిచేయించి తరువాత మిగతావి మొదలుపెట్టండి. ఫారంలోని మరాఠీ మాటలకు తెలుగు అర్థాలు రాసిన పట్టిక ఆ బల్ల మీద ఉన్నది. ఇంటికి ఒకటి చొప్పున తీసుకోండి, గేట్ పాసులు వెంట తెచ్చినవారు ముందు రండి.